చెరువు క్రింది పల్లె

రేడియోలో వార్తల చివర వాతావరణ సూచన వినవచ్చును. "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడవచ్చును" అను వాక్యము మనలో పెక్కుమందికి చెవినిబడి జారిపోవును. పట్టణవాసికి అది గొడుగు తీసికొని పోవలెనా, వద్దా అను ప్రశ్న మాత్రమే. కాని పెన్నానది పరీవాహకమున, రహదారికి దూరముగా, గుట్టల నడుమ ఒదిగియున్న పల్లెలో ఆ వాక్యమును వేరువిధముగా విందురు. ఆ ఒకటి రెండు చోట్లలో తమ ఊరి ఎగువనున్న గుట్టలు చేరునా, చేరవా? గుట్టలమీద వాన పడినచో వంక పారును. వంక పారినచో చెరువు నిండును. చెరువు నిండిన యేట ఊరిలో మనుష్యులుందురు. లేనియేట తలుపులకు తాళములుండును. అట్టి పల్లె పూర్వమెట్లు బ్రతికినది, ఎందువలన చితికినది, ఇకమీద దానికి బ్రతుకుదారి యేది అను మూడు ప్రశ్నలను చరిత్ర ఆధారముగ పరిశీలింపవలెనని మా తలంపు.

ముందుగా ఆ సీమలోని ఊళ్ళ పేర్లను చూతము. అనంతపురము ప్రక్కనే బుక్కరాయసముద్రము కలదు. పుట్టపర్తి సమీపమున బుక్కపట్నము, కొత్తచెరువు కలవు. అనంతపురమునకు ఆ పేరు వచ్చినది అనంతసాగరమను చెరువువలననే. సముద్రమునకు అంతదూరమున, దేశములో అత్యల్ప వర్షపాతముగల ప్రాంతములలో ఒకటియైన ఈ సీమలో, సముద్రములనియు సాగరములనియు పేర్లేమి? ఆలోచించినచో ఇందు వింత లేదు. నీరు పుష్కలముగ నున్నచోట నీటిని గూర్చి ఎవరును పేరు పెట్టుకొనరు. అది అరుదైనచోటనే కడవెడు నీరు కొలనగును, కొలను సముద్రమగును.

అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలమీదనే తన బరువు చాలవరకు దించుకొని, వట్టి గాలియై ఈ సీమకు చేరును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి, లోనికి వచ్చుసరికి అలసిపోవును. రెండు ఋతుపవనములకును ఇది కడగొట్టు పొలము. పడిన ఆ కొద్ది వానయైనను ఏడాది పొడుగున పంచుకొని పడదు. కొన్నిదినములలో కుండపోతగ కురిసి, వారముల తరబడి కనుమరుగగును. కావున ఇక్కడి రైతునకు వాన ఎంత పడినదను ప్రశ్నకంటె, పడినదానిని ఎంతకాలము నిలుపుకొనగలమను ప్రశ్న ముఖ్యమైనది. ఆ ప్రశ్నకు మన పూర్వులు ఇచ్చిన సమాధానమే చెరువు.

చెరువనగా నీరు నిలిచిన గుంట యని మాత్రమే తలంచుట పొరపాటు. అది ఒక యేర్పాటు. ఎగువనున్న గుట్టలనుండి నీరు దిగు వంకలు, ఆ నీటిని అడ్డగించు కట్ట, నీరు పొలములకు విడుచు తూము, మిగులు నీరు కట్టను తెగగొట్టకుండ పొర్లిపోవు మరువ, తూము క్రింద తడియు ఆయకట్టు - ఇవన్నియు దాని అంగములు. ఒక చెరువు మరువ పారిన నీరు దిగువనున్న మరియొక చెరువును చేరును. ఇట్లు ఒకదానివెంట ఒకటిగ గొలుసుకట్టుగా నమరిన చెరువులు ఈ సీమలో పెక్కు కలవు. ఎగువ ఊరివారు కట్టను అశ్రద్ధ చేసి అది తెగినచో, ఆ వరద దిగువ ఊరి కట్టనుగూడ తెగగొట్టును. కావున ఒక ఊరి జాగ్రత్త మరియొక ఊరి క్షేమమై యుండెను.

చెరువు క్రింద మాగాణిలో వరి పండెడిది. కాని పల్లె బ్రతుకంతయు వరి కాదు. మెట్టపొలములలో కొఱ్ఱ, జొన్న, సజ్జ, ఆరిక, ఉలవ, కంది, ఆముదము కలగలిపి వేసెడివారు. ఒకటి పోయినను మరియొకటి దక్కునను లెక్క అందు కలదు. వాన వెనుకబడినచో చివరకు ఉలవయైన చల్లుకొనవచ్చును. చెరువులో నీరుండుటచేత దిగువ బావులలో ఊట నిలిచెడిది; ఆ బావులనుండి ఎద్దులచే కపిల తోలించి మరికొంత భూమి తడుపుకొనెడివారు. వేసవిలో చెరువు ఎండినపుడు దానిలోని ఒండ్రుమట్టిని బండ్లతో పొలములకు తోలుకొనెడివారు. పొలమునకు ఎరువు దక్కెను, చెరువునకు లోతు దక్కెను. కుమ్మరికి మన్ను, చాకలికి రేవు, పశువులకు త్రాగునీరు, జాలరికి చేపలు అన్నియు ఆ చెరువునుండియే.

ఈ యేర్పాటులో అందరికంటె ముఖ్యుడు నీరుగంటి. తూము తెఱచుట, మూయుట, ఏ మడికి ఎంత తడి యన్నది చూచుట, వానరాత్రి కట్టమీద తిరిగి ఎక్కడ నీరు చెమర్చుచున్నదో, ఎక్కడ ఎలుకబొరియ పడినదో కనిపెట్టుట అతని పని. తెలంగాణమున ఈతనినే నీరడి యందురు. పంటకాలమున కళ్ళములో రాశి కొలుచునపుడు అతనికి ఇంత ధాన్యమని వాడుక ప్రకారము వంతు ముట్టెడిది. విజయనగరకాలపు గ్రామవ్యవస్థలో పన్నిద్దరాయగాండ్రని ప్రసిద్ధికెక్కిన వృత్తులవారందరి జీతమును ఇట్లు పంటలోని పాలే. చెరువు నిండినచో అతని గాదె నిండును. చెరువు ఎండినచో అతని పొయ్యి ఆరును. కావలివాని బ్రతుకు కాపాడబడుదానితో ముడివడి యుండుటయే ఈ పద్ధతిలోని కీలకము.

ఇట్టి చెరువుల నిర్మాణమును గూర్చి మనకొక అపూర్వమైన సాక్ష్యము కడపమండలమున పోరుమామిళ్ళలో లభించినది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచుండిన భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, అక్కడ అనంతరాజసాగరమను చెరువు కట్టించి 1369లో సంస్కృతమున శాసనము వ్రాయించెను. శాసనములు సాధారణముగ దాతను పొగడి, దానమును చెప్పి, దానిని చెఱచినవారిని శపించి ముగియును. ఈ శాసనము అంతటితో నూరకుండలేదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెనని లెక్కించి చెప్పినది. ధర్మపరుడును కీర్తికాముడునగు రాజు, జలశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, తీయని నీరుగల నది, దానికి తగిలియున్న కొండ, ఆ కొండల నడుమ రాతితో బిగించిన కట్ట, విశాలమై లోతైన గర్భము, నిడుపైన రాళ్ళుగల గని, చుట్టును సమతలమైన సారవంతపు పొలములు, పనియందు నేర్పరులైన జనసమూహము మొదలైనవి ఆ అంగములు.

అంతేకాదు, ఆరు దోషములనుగూడ ఆ శాసనము చెప్పినది. కట్టనుండి నీరు కారుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, గర్భమధ్యమున మిట్ట యుండుట, నీరు తక్కువై తడుపవలసిన భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట - ఇవి దోషములు. ఆరువందల యేండ్లకు పూర్వము వ్రాసిన ఈ జాబితాను నేటి ఇంజనీరుగూడ త్రోసిపుచ్చలేడు. రెండు రాజ్యముల పొలిమేరయందు చెరువు కట్టరాదను మాటలో నేలనుగూర్చిన జ్ఞానముకంటె మనుష్యులనుగూర్చిన జ్ఞానము ఎక్కువ. నీటి తగవులు ఎట్లు పుట్టునో ఆ శాసనకర్త ఎరుగును. ప్రతిదినము వేయిమంది కూలీలు కట్టమీదను తూముమీదను పనిచేసిరనియు, నూరు బండ్లు నడచినవనియు, రెండు సంవత్సరములలో నిర్మాణము ముగిసినదనియు శాసనము పేర్కొన్నది. కొండల నడుమ ఖాళీలను కట్టలతో కలిపి నిర్మించిన ఆ చెరువు నేటికిని పోరుమామిళ్ళలో నిలిచియున్నది.

చెరువు త్రవ్వించుట ఆ కాలమున సప్తసంతానములలో నొకటి. కొడుకు, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, కావ్యము, తటాకము - ఈ యేడును మనుష్యుని పేరు నిలుపునని నమ్మిరి. శ్రీకృష్ణదేవరాయలును తన ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, చిన్న దేశమునకైనను చెరువులు కాలువలు కట్టించి పేదకాపునకు అరిలో సడలింపునిచ్చిన రాజునకు అర్థమును ధర్మమును పెరుగునని బోధించెను. కాని పేరుకొరకు చెరువు కట్టించువారు దొరకినంత సులభముగ, కట్టిన చెరువును ఏటేట కాపాడువారు దొరకరు. ఈ సంగతి తెలిసియే మనవారు దశబంధమను పద్ధతి యేర్పరచిరి. చెరువును నిర్మించినవారికి, లేదా దాని మరమ్మతుల భారము వహించినవారికి, ఆ చెరువు క్రింది భూమిలోనో పంటలోనో కొంతవంతు మాన్యముగ నిచ్చెడివారు. పదింట నొకపాలను అర్థమున ఆ పేరు వచ్చినను, పాలు అన్నిచోట్ల నొక్కటే కాదు. దేవాలయములకు దీపధూపములకొరకు మాన్యమిచ్చినట్లే, కట్టకు మన్నెత్తుటకొరకును మాన్యమిచ్చిరన్నమాట.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఆ పాతపల్లె స్వర్గతుల్యమై యుండెనని ఎవరైన భావించినచో, మేము సమ్మతింపలేము. కట్టలకు మన్నుమోసిన చేతులకును, మాగాణి పంట తిన్న చేతులకును నడుమ దూరము చాల కలదు. మంచిభూమి కొన్ని కులములవారి చేతిలోనే యుండెను. రేయింబవళ్ళు కట్టను కాచిన నీరుగంటి చాల గ్రామములలో అంటరానివారుగ చూడబడిన కుటుంబములకు చెందినవాడే. ఊరికంతకును నీరు పంచినవాడు ఊరిబావిలో నీరు చేదుకొనజాలకుండెను. ఇది మన చరిత్రలోని చేదునిజము. దీనిని దాచి చెరువుల వైభవమును మాత్రమే వర్ణించుట న్యాయము కాదు.

ఈ సందర్భమున బుక్కరాయసముద్రపు ఐతిహ్యమొకటి స్మరింపదగినది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేటికి అడ్డుకట్ట వేయించి కట్టిన చెరువునకు ఒకమారు గండిపడెనట. ఊరు మునుగునను భయముతో జనులు దిక్కుతోచక యుండగా, బసిరెడ్డియను రైతు చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చినచో కట్ట నిలుచునను అశరీరవాణి వినవచ్చెనట. ఆమె తనంత తాను గండిలోనికి నడచిపోయి ప్రాణమర్పించినదని చెప్పుదురు. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో "ముసలమ్మ మరణము" అను కావ్యముగ రచించిరి. కథ జరిగినదో లేదో చరిత్రకారుడు చెప్పజాలడు. కాని దానిని తరతరములు చెప్పుకొనిన ప్రజల మనస్సులో రెండు సంగతులు స్పష్టముగ నుండెను. కట్ట తెగుట ఊరికి మరణమనునది మొదటిది. ఆ కట్ట నిలుపుటకు మూల్యము చెల్లింపవలసివచ్చినపుడు, ఇంటిలో మాట చెల్లనివారే మొదట చెల్లించిరనునది రెండవది.

ఇక ఈ వ్యవస్థ ఎట్లు సడలినదో చూతము. 1800లో నైజాము ప్రభువు ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అప్పటినుండి వీనికి దత్తమండలములను పేరు కలిగెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలలో రాయలసీమయను గౌరవప్రదమైన పేరు వచ్చువరకు ఆ పేరే నిలిచెను. 1800 నుండి 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగ నుండిన థామస్ మన్రో పొలము పొలమును కొలిపించి, రైతు సర్కారునకు నేరుగ శిస్తు కట్టు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. మన్రో రైతుల మేలుకోరినవాడని ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. 1827లో పత్తికొండలో కలరాచే అతడు మరణించినపుడు జనులు దుఃఖించిరి. అయినను పద్ధతి ఫలము కోరికను మించి పోవును. రైతునకును సర్కారునకును నడుమ నేరుగ లెక్క కుదిరినపుడు, ఊరు ఉమ్మడిగ చేయు పనికి లెక్కలో చోటు తగ్గెను. మాగాణి శిస్తు దూరపు ఖజానాకు చేరెను. ఒండ్రు మాత్రము చెరువులోనే మిగిలెను.

పూర్వము ఊరివారందరు కలిసి కట్టకు మన్నువేయుట, కాలువ పూడిక తీయుట మొదలగు పనులు చేసెడివారు. దానికి కుడిమరామతు అని పేరు. ఆ వాడుక సన్నగిల్లుట చూచి, మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధశ్రమ చట్టము చేసెను. తన పంటకొరకు తాను చేసికొను పని, చట్టమునకు భయపడి చేయు పనిగ మారినపుడు అందలి జీవము పోయెను. అదే కాలమున ప్రభుత్వము దృష్టి డెల్టాలవైపు మరలెను. ఆర్థర్ కాటన్ కృషిచే గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, కృష్ణమీద విజయవాడ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియై, కోస్తామండలములు సస్యశ్యామలములైనవి. అందుకు తెలుగుజాతి కృతజ్ఞతతో నుండుట న్యాయమే. కాని ఒక మహానదికి ఆనకట్ట కట్టించి పొందు ఆదాయము, వేలకొలది చిన్నచెరువుల పూడిక తీయించుటవలన ఖజానాకు కనబడదు. కనబడని పనికి సొమ్ము దొరకలేదు.

అట్టి సమయముననే ధాత కరువు వచ్చెను. 1876లో వానలు తప్పినవి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములు 1878 వరకు విలవిలలాడినవి. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్ళారి మండలములోనిదే. 1882లోగాని అది వేరు జిల్లా కాలేదు. కరువుపనులు చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. దినమంతయు రాళ్ళుకొట్టు మనిషికి అది చాలనికూడు. దక్షిణదేశమంతట లక్షలకొలది జనము ఆకలికిని, ఆకలివెంట వచ్చిన రోగములకును బలియైరి. ఆ పిమ్మటనే 1880లో కరువు సంఘపు నివేదికయు, దానివెంట కరువు నిబంధనలును వచ్చినవి. చెరువుల పునరుద్ధరణ పథకము మద్రాసు రాజధానిలో 1883లో ఆరంభమయ్యెను. ప్రాణములు పోయినపిమ్మట లెక్కలు వ్రాయుట ప్రభుత్వములకు క్రొత్తకాదు. చెరువులుండినంతమాత్రమున ఆ కరువు రాకుండెడిదని మేమనము. వరుసగ వానలు తప్పినపుడు చెరువును ఎండును. కాని పూడిన చెరువు మొదటి యేటనే ఎండును. లోతైన చెరువు ఒక పంటకాలము గడువిచ్చును. ఆ గడువులో మనిషి ప్రాణము నిలుపుకొనవచ్చును.

ఉత్తర చూచి ఎత్తర గంప యని తెలుగుసామెత. ఉత్తరకార్తెవరకు వానలేకున్న గంప నెత్తికెత్తుకొని ఊరువిడువుమని దాని భావము. ఎన్ని తరముల వలసకష్టము ఆ నాలుగుమాటలలో అణగియున్నదో! గడచిన శతాబ్దమున ఆ గంప ఎత్తవలసిన అవసరము తీరునని ఆశ పుట్టించినవి రెండు కలవు. ఒకటి వేరుసెనగ. నూనెగింజలకు ధర రాగా, ఎఱ్ఱనేలకు తగిన ఆ పైరు కొఱ్ఱను, జొన్నను, ఆరికను క్రమముగ ప్రక్కకు త్రోసెను. ఒకప్పుడు అనంతపురము జిల్లా ఒక్కదానిలోనే ఏడులక్షల హెక్టార్లకు పైగ వేరుసెనగ వేసెడివారు. మొదట చేతికి రొక్కము వచ్చినమాట నిజము. కాని పది పంటలున్నచోట ఒకే పంట నిలిచినపుడు, ఒక్క వాన తప్పినచో పొలమంతయు ఒక్కమారే పోవును.

రెండవది బోరుబావి. విద్యుత్తు వచ్చిన తరువాత కపిల పోయి మోటారు వచ్చెను. బావి ఎండిన పిమ్మట బోరు వచ్చెను. చెరువులోని నీరు ఊరందరికిని కనబడును. ఎంత మిగిలినదో చూచి, ఈ యేడు ఎంత భూమి తడుపవలెనో కలిసి నిర్ణయింపవచ్చును. భూగర్భమునందలి నీరు ఎవరికిని కనబడదు. ప్రక్కవాడు మూడువందల అడుగులు పోయిన నేను నాలుగువందలు పోవలెనను పందెము మొదలయ్యెను. నీరుపడని బోరు అప్పును మాత్రము మిగిల్చెను. 1990వ దశకము చివరనుండి ఈ సీమలో అప్పులబాధకు తాళలేక ప్రాణములు తీసికొనిన రైతుల వార్తలు మనమందరము విన్నవే. బోర్లను, భూగర్భజలమును అదుపుచేయుటకు 2002లో జలము, భూమి, వృక్షముల సంరక్షణకు చట్టము వచ్చినది. కాని నేలక్రింది నీటికి కాపలాదారుని నిలుపుట చట్టమునకు సులభసాధ్యము కాదు.

ఈలోపల చెరువు ఏమైనది? వంకలు పూడినవి, కొన్నిచోట్ల దున్నబడినవి. చెరువుగర్భము ఆక్రమణలపాలైనది. ఎగువన వంకలమీద వేసిన చిన్న అడ్డుకట్టలు అచ్చటి బావులకు మేలుచేసినను, దిగువ చెరువునకు చేరవలసిన నీటిని తగ్గించినవి. 1984లో కరణము, మునసబు పదవులు రద్దైనవి. వంశపారంపర్యపు పెత్తనము పోయినందుకు విచారింపవలసిన పనిలేదు. కాని గ్రామపు పాతకట్టుబాటులు ఒక్కొక్కటిగ సడలుచుండగా, కళ్ళములో నీరుగంటి వంతు ముట్టుటయు చాల ఊళ్ళలో ఆగిపోయెను. నూరెకరములకు లోపు ఆయకట్టుగల చెరువు పంచాయతీది, అంతకుమించినది నీటిపారుదల శాఖది అని కాగితమున విభజన కలదు. వానరాత్రి లాంతరు పట్టుకొని కట్టమీద తిరుగువాడు ఎవరను ప్రశ్నకు మాత్రము ఆ కాగితమున సమాధానము లేదు.

ఇక ముందుమాట. నిరాశపడుటకు మాత్రమే ఈ చరిత్ర చెప్పలేదు. తుంగభద్ర ఎగువకాలువ అనంతపురము పొలములలో కొన్నిటికి నీరిచ్చినది. హంద్రీ-నీవా ఎత్తిపోతలద్వారా 2012లో కృష్ణాజలము శ్రీశైలమునుండి ఈ మెట్టసీమకు చేరెను. ఆ నీటితో చెరువులు నింపుకొనుటయు జరిగినది. పల్లెపేదలకు పని హామీయిచ్చు జాతీయపథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లాలోని బండ్లపల్లియను పల్లెలోనే ప్రారంభమయ్యెను. చెరువుల పూడికతీతయు ఆ పథకపు పనులలో నొకటిగ సాగినది. రామప్ప, పాకాల వంటి కాకతీయుల చెరువులకు నెలవైన తెలంగాణమున 2015లో 46 వేలకు పైగ చెరువులను బాగుచేయు సంకల్పముతో మిషన్ కాకతీయ మొదలైనది. తీసిన ఒండ్రును రైతులు తమ పొలములకు తోలుకొనిరి. పాతవాడుక మరల కనులబడినది. బిందుసేద్యముచే కొద్దినీటితో తోటలు పెంచువారును కలరు. కొఱ్ఱలకు, ఆరికలకు నగరములలో మరల గిరాకి కలిగినది.

అయినను నది నీరు దూరమునుండి రాగలదేగాని, చెరువును తనంత తాను కాపాడుకొనలేదు. పూడిన చెరువులోనికి ఎత్తిపోసిన నీరు ఖర్చెక్కువైన ఆవిరి యగును. ఒకమారు పూడిక తీసిన చెరువును ఏటేట చూచువారు లేకున్న పదియేండ్లకు మరల మొదటికే వచ్చును. కావున ఇంకెన్ని చెరువులు కట్టవలెనను ప్రశ్నకంటె, ఉన్న చెరువు ఎవరిపూచీ అను ప్రశ్న ముందు తేలవలెను. 1997లో నీటివినియోగదారుల సంఘముల చట్టము వచ్చి, పదివేలకు పైగ సంఘములేర్పడినవి. మంచి ప్రయత్నమే. కాని ఆ సంఘములలో ఓటు ఆయకట్టులో సాగుభూమి గలవారిదే. భూమిలేని కూలివానికి, గొఱ్ఱెల కాపరికి, నీరుగంటి మనుమనికి అందు మాటలేదు. ముసలమ్మ కథలోని రెండవపాఠము మనము ఇంకను నేర్వలేదన్నమాట.

మా మనవి మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, ప్రతి చెరువునకు జీతముగల కావలివాడొకడు కావలెను. అతని జీతము కులమునుబట్టి కాక పనినిబట్టి, ఊరిపంటతో ముడివడి, గౌరవముతో ముట్టవలెను. రెండవది, చెరువుమీద బ్రతుకు సాగించు ప్రతియింటికిని, భూమియున్నను లేకున్నను, దాని నిర్వహణలో మాట కావలెను. చేపలపాలు, ఒండ్రుపాలు, పశువుల నీటిపాలు ముందుగ నిర్ణయము కావలెను. మూడవది, చెరువులోని నీటితోపాటు బావులలోని నీటినికూడ ఊరు ఒక్కలెక్కలో చేర్చుకొనవలెను. చెరువు నిండినపుడు బోర్లలో ఊట పెరుగును గనుక, కట్టకు మన్నువేయు ఖర్చులో బోరుగల రైతునకును వంతు ఉండుట న్యాయము.

ఇవి జరిగినచో దూరపుపల్లె పట్టణమగునని మేము చెప్పము. ఆ పల్లె బిడ్డలు బెంగుళూరునకు పోవుట మానుదురనియు చెప్పము. చదువుకొని, కోరి పోవువారిని ఎవరును ఆపరాదు. కాని కోరి పోవుట వేరు, గంపనెత్తుకొని పోవుట వేరు. పోయినవాడు పండుగకు తిరిగివచ్చినపుడు ఇంటి తలుపు తీయుటకు లోపల ఎవరైన ఉండవలెను గదా. పల్లెకు భవిష్యత్తు ఉన్నదా అను ప్రశ్నకు అర్థము ఇంతే.

పోరుమామిళ్ళ శాసనము మంచిచెరువునకు పండ్రెండు అంగములు చెప్పినది. రాజును చెప్పినది, శాస్త్రజ్ఞుని చెప్పినది, రాతిని, మట్టిని, నదిని, కొండను చెప్పినది, పనివారినిగూడ మరువలేదు. కాని ఆ అంగములన్నియు చెరువును కట్టుటకు కావలసినవి. కట్టిన మరునాటినుండి దానిని కాపాడినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు. భాస్కరుని చెరువు ఆరువందల యేండ్లు దాటి నిలిచినదన్న, ఎన్ని తరముల నీరుగంట్లు ఎన్ని వానరాత్రులు ఆ కట్టమీద నడచిరో ఊహింపుడు. ఆ పండ్రెండింటికి పదుమూడవ అంగముగ, ప్రతిదినము చెరువును చూచువానిని మనము చేర్చుకొనవలెను. రాత్రి రేడియోలో "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల జల్లులు" అని వినబడినపుడు, లేచి కట్టవైపు నడచు మనిషి ఒకడు ఆ ఊరిలో ఉన్నచో, ఆ ఊరు నిలుచును.